పూడ్చిన బావి మీద కట్టిన ఇల్లు: అమ్మినాయన చెప్పని లోపానికి బాధ్యత ఎవరిది?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరును ముందుగా చెబుతాను, ఎందుకంటే జవాబంతా ఈ వివరాల మీదనే ఆధారపడి ఉంది. నల్లగొండ పట్టణం శివారులో 160 గజాల స్థలంలో కట్టిన తొమ్మిదేళ్ళ ఇంటిని మీరు పోయిన డిసెంబరులో కొన్నారు. ఇచ్చిన ధర 58 లక్షలు, దస్తావేజులో రాసుకున్నది 34 లక్షలు, అందులో 25 లక్షలు బ్యాంకు రుణం. జూలై వానలకు వెనుక గది నేల ఒక పక్కకు కుంగింది, గోడకు ఐమూలగా వేలు దూరేంత పగులు వచ్చింది. లప్పం పెచ్చులు ఊడిన చోట లోపల పాత సిమెంటు అతుకు కనిపించింది. ‘ఆ గది కింద మోట బాయి ఉండె, ప్లాట్లు చేసినప్పుడు మొరం పోసి పూడ్చిండ్రు, రెండేళ్ళ కిందనే ఆయన ఆ గోడను బాగు చేయించిండు’ అని పక్కింటి పెద్దమనిషి చెప్పారు. అమ్మినాయనను అడిగితే, ‘చూసుకొనే కదా కొన్నారు, ఉన్నది ఉన్నట్టు అని దస్తావేజులో రాసుకున్నాం’ అంటున్నారు. రిజిస్ట్రేషన్ రద్దు చేయించవచ్చా, పోలీసు కేసు పెట్టవచ్చా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చా అని మీరు అడిగారు.

ఈ జిల్లా కోర్టులలో ముప్పై ఏళ్ళకు పైగా సివిల్ దావాలు నడిపిన వకీలుగా మీకు మొదట చెప్పవలసిన మాట ఒకటుంది. ఆ గోడను ఇప్పుడే బాగు చేయించవద్దు. మేస్త్రీని పిలిచి పగులు నింపించాలని, టైల్స్ తీయించి నేల సరిచేయించాలని మనసు తొందర పెడుతుంది, ఇంట్లో పిల్లలుంటే ఆ తొందర మరీ ఎక్కువ. ఆ గదిని ఖాళీ చేసి తాళం వేయండి, పైకప్పు భద్రత కోసం అవసరమైతే ఇనుప జాకీలు ఆనించండి, అంతకు మించి దేన్నీ ముట్టుకోవద్దు. ఎందుకో కింద వివరిస్తాను.

‘చూసుకొని కొన్నారు కదా’ అన్న మాటలో సగం నిజం ఉంది. కంటికి కనిపించే లోపానికి, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగల లోపానికి అమ్మినవారిని తప్పు పట్టే వీలు చట్టంలో లేదు. గోడ బీటలు వారి కనిపిస్తుంటే, మేడమెట్లు విరిగి ఉంటే, ఇంటి ముందు డ్రైనేజీ లేకుంటే, వాటిని చూసి కూడా కొన్నవారు తరువాత ఫిర్యాదు చేయలేరు. అయితే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 55 మొదటి ఉపసెక్షన్‌లోని ‘ఎ’ క్లాజు మిగిలిన సగాన్ని చెబుతుంది. ఆస్తిలో గాని, ఆ ఆస్తి మీద తనకున్న హక్కులో గాని ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో కొనేవారు కనుక్కోలేనిదైతే, దానిని అమ్మేవారు తప్పక చెప్పాలి. చెప్పకపోవడం మోసపూరితమని అదే సెక్షన్ చివర స్పష్టంగా రాసి ఉంది. చాలామంది ఈ చివరి వాక్యం దాకా చదవరు. నోరు మెదపకుండా ఊరుకోవడం సాధారణంగా మోసం కాకపోయినా, చెప్పవలసిన బాధ్యతను చట్టమే మోపిన చోట ఆ మౌనం కూడా మోసం కిందికి వస్తుంది.

కాబట్టి మీ కేసులో రెండు విషయాలు నిరూపించాలి. గది కింద బావి ఉన్నదనీ, దాని వల్ల గోడ కుంగుతున్నదనీ ఆయనకు అమ్మకానికి ముందే తెలుసు అన్నది మొదటిది. మామూలు జాగ్రత్తతో మీరు దానిని కనిపెట్టలేకపోయేవారు అన్నది రెండవది. మిగిలిన వాదనలన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

మొదటి విషయంలో మీకు అతి బలమైన సాక్ష్యం ఆ లప్పం కిందనే ఉంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872, సెక్షన్ 17 మోసాన్ని నిర్వచిస్తూ, తెలిసిన విషయాన్ని చురుకుగా కప్పిపుచ్చడాన్ని విడిగా పేర్కొన్నది. పగులు ఉందని చెప్పకపోవడం ఒక ఎత్తు, పగులును పూడ్చి, లప్పం పెట్టి, రంగు వేసి ఇల్లు చూపించడం ఇంకొక ఎత్తు. ఈ తేడా వకీళ్ళ మాటల గారడీ కాదు. సెక్షన్ 19 కింద మోసం వల్ల కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు గాని, దానికొక మినహాయింపు ఉంది: తప్పుడు మాట వల్ల గాని, మోసపూరితమైన మౌనం వల్ల గాని ఒప్పుకొన్నవారికి, మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకునే అవకాశం ఉండి ఉంటే రద్దు చేసుకునే హక్కు ఉండదు. ఈ మినహాయింపు మౌనానికి వర్తిస్తుంది, చురుకుగా కప్పిపుచ్చడానికి వర్తించదు. అంటే ఆయన కేవలం ఊరుకున్నారని మీరు చెబితే, ‘మీరు విచారించుకోవచ్చు కదా’ అన్న జవాబు ఆయనకు మిగులుతుంది. పగులు కనబడకుండా చేసి అమ్మారని నిరూపిస్తే ఆ జవాబుకు బలం పోతుంది. అందుకే పాత అతుకు, దాని మీది లప్పం పొర, కొత్త రంగు ఒకదాని మీద ఒకటి కనిపించే ఆ గోడ ఉన్నది ఉన్నట్టుగా కోర్టు కంట పడాలి.

అది జరగవలసిన తీరు ఇది. దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని దరఖాస్తు వేయాలి. కమిషనర్ ఒక సివిల్ ఇంజనీరును వెంటబెట్టుకొని వచ్చి, ఇరుపక్షాల సమక్షంలో పగుళ్ళ కొలతలు తీసుకొని, లప్పం పొరల ఫోటోలు తీయించి, గది మూలన ఒక గుంత తవ్వించి అడుగున సహజమైన నేల ఉందో, పోసిన మొరం ఉందో చూసి నివేదిక ఇస్తారు. సాక్ష్యం పోగు చేసిపెట్టమని అడిగినట్టుగా దరఖాస్తు రాస్తే కోర్టులు కొట్టివేస్తాయి. స్థలంలోని భౌతిక పరిస్థితిని, అది చెదిరిపోకముందే నమోదు చేయమని అడగాలి. నివేదిక దాఖలైన తరువాత, మరమ్మతుకు అనుమతి కోరుతూ ఇంకొక దరఖాస్తు వేసి పని మొదలుపెట్టవచ్చు. చాలా ఏళ్ళ కింద దేవరకొండ వైపు నుంచి ఒక ఉపాధ్యాయుడు ఇలాంటి బాధతోనే నా దగ్గరికి వచ్చారు. వచ్చేనాటికే మూడు లక్షలు ఖర్చు పెట్టి పునాది బలపరిచి, గోడ కొత్తగా కట్టించుకున్నారు. ఆయన చెప్పినదంతా నిజమని నాకు తెలుసు, కానీ కోర్టుకు చూపించడానికి సెల్‌ఫోను ఫోటోలు నాలుగు తప్ప ఏమీ మిగలలేదు. ఆ దావా పోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆయనకు ముందే తెలుసు అనడానికి గోడతో పాటు మనుషుల సాక్ష్యం కూడా కావాలి. రెండేళ్ళ కింద ఆ గోడ బాగు చేసిన మేస్త్రీ ఎవరు, రంగు వేసినవారు ఎవరు, ఆ ఇంట్లో అంతకుముందు కిరాయికి ఉన్నవారు ఎందుకు ఖాళీ చేశారు, మీకంటే ముందు బయానా (అడ్వాన్సు) ఇచ్చి వెనక్కి తీసుకున్నవారు ఎవరైనా ఉన్నారా అన్నవి నిదానంగా కనుక్కోండి. నా అనుభవంలో ఇలాంటి దావాలను గెలిపించినది చాలాసార్లు ఆ మేస్త్రీ వాంగ్మూలమే. పక్కింటి పెద్దమనిషి ఈ రోజు చెప్పిన మాట రేపు బోనులో చెబుతారా అన్నది వేరే సంగతి. ఇరుగుపొరుగు అన్నాక మొహమాటాలు ఉంటాయి, ఆయన మీద ఒత్తిడి పెట్టకండి. అమ్మినాయనతో ఫోనులో గాని వాట్సాప్‌లో గాని జరిగిన సంభాషణలను చెరిపివేయకండి. వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023, సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి కనుక, ఆ ఫోను మార్చకుండా ఉంచుకోండి.

ఇక రెండవ విషయం, మామూలు జాగ్రత్త. ఇక్కడ మన ప్రాంతపు కాగితాలు రెండు వైపులా పదునున్న కత్తి లాంటివి. నల్లగొండ, పాలమూరు జిల్లాలలో చెరువుతో పాటు మోట బావి మీద సాగు జరిగిన భూములే ఊళ్ళు పెరిగి ప్లాట్లయ్యాయి. అందువల్ల ఆ సర్వే నంబరుకు బావి ఉన్నదో లేదో పాత పహాణీలలో, అంటే భూమి, సాగు వివరాలు రాసే రెవెన్యూ రికార్డులలో, నీటి వనరు గడిలో దొరుకుతుంది. 1954-55 ఖాస్రా పహాణీ మొదలు ప్లాట్లు కాకముందు వరకు ఉన్న పహాణీల నకళ్ళకు తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. గ్రామ నక్షాను, టిప్పన్‌ను (సర్వే నంబరు కొలతల పటాన్ని) కూడా అడగండి. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల ఉపగ్రహ చిత్రాలు చూసే సౌకర్యం ఉంది, ప్లాట్లు కాకముందటి చిత్రం స్పష్టంగా ఉంటే బావి నల్లటి గుండ్రపు మచ్చలా కనిపించవచ్చు. ఇవన్నీ బావి ఉన్నదని నిరూపిస్తాయి. అయితే అమ్మినాయన వకీలు వీటినే చేతిలో పట్టుకొని, ‘ఇంత బహిరంగంగా ఉన్న రికార్డును వాది చూసుకోలేదు’ అని వాదిస్తారు.

ఆ వాదన నిలుస్తుందని నేను అనుకోను. ఇల్లు కొనేవారు ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించడం, లింకు దస్తావేజులు (అంతకుముందటి అమ్మకాల పత్రాలు) చూడడం, ఇంటి పన్ను రసీదు, నిర్మాణ అనుమతి చూడడం మామూలు జాగ్రత్త. కట్టిన ఇంటి గది కింద ఏముందో తెలుసుకోవడానికి డెబ్బై ఏళ్ళ నాటి పహాణీ తిరగేయడం, నేల తవ్వి చూడడం మామూలు జాగ్రత్త అనిపించుకోదు. కానీ ఒక్క చోట మీరు భయపడవలసి ఉంది. మన వైపు పాత భూమి దస్తావేజులలో ‘బావిలో నాలుగవ వంతు వాటాతో సహా’ అనో, హద్దులలో ‘పడమర: మోట బావి’ అనో రాసే అలవాటు ఉంది. మీకిచ్చిన లింకు దస్తావేజులలో అలాంటి మాట ఉంటే, రిజిస్టరైన పత్రంలో ఉన్న విషయం మీకు తెలిసినట్టే లెక్క అని ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 3 ఆధారంగా ఆయన వాదిస్తారు, ఆ వాదనకు బరువు ఉంటుంది. అందుకని ఈ రాత్రే ఆ కాగితాలు తీసి హద్దులన్నీ చదవండి. ఉంటే దాచకుండా మీ వకీలుకు చెప్పండి. అప్పుడు మీ దావా ప్రధానంగా బావిని దాచడం మీద కాకుండా, కుంగిన గోడను కప్పిపుచ్చడం మీద నిలబడాలి, దావా రాసే తీరే మారుతుంది.

ఈ సందర్భంలోనే ఇంకొక మాట. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని చెప్పలేదంటూ మర్రిగూడ, మునుగోడు వైపు ఇళ్ళు కొన్నవారు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు. ఆ మండలాల నీటి సంగతి దశాబ్దాలుగా లోకానికంతా తెలుసు, నీటి పరీక్ష అందుబాటులో ఉంది, కాబట్టి దానిని దాచిన లోపంగా నిలబెట్టడం కష్టం. అయితే కొనేవారు సూటిగా అడిగినప్పుడు ‘మంచి నీళ్ళే, పరీక్ష చేయించాం’ అని అబద్ధం చెప్పి ఉంటే అది వేరే కథ. ఇంట్లో ఎవరో ఉరి పోసుకున్నారని చెప్పలేదన్న ఫిర్యాదుకు కూడా నా అభిప్రాయం ఇదే. అది ఆస్తిలోని లోపం కిందికి రావడం కష్టం, కానీ అడిగిన ప్రశ్నకు అబద్ధపు జవాబు ఇస్తే కాంట్రాక్టు చట్టం కింద ప్రశ్న తలెత్తుతుంది.

‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాట గురించి. సెక్షన్ 55లోని బాధ్యతలు, పక్షాలు వేరేలా రాసుకోనప్పుడే వర్తిస్తాయి, కాబట్టి ఆ మాటకు విలువే లేదని చెప్పను. ఇద్దరికీ తెలియని లోపం బయటపడితే ఆ మాట ఆయనను కాపాడుతుంది. తెలిసి కప్పిపుచ్చిన మోసానికి మాత్రం అది గొడుగు కాజాలదు. అదే విధంగా, దస్తావేజు చివర ‘ఏవేని తకరారులు వచ్చినచో విక్రయదారు తన స్వంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలరు’ అన్న వాక్యం చూసి మీరు ధైర్యపడినట్టు రాశారు. ఆ వాక్యం హక్కు మీద వచ్చే తకరారులకు సంబంధించినది, దానితో గోడ పగులుకు పరిహారం అడగలేరు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. రద్దు చేయించవచ్చా అంటే, చట్టప్రకారం అడగవచ్చు. సబ్ రిజిస్ట్రారు దగ్గర ఒక పక్షం మాత్రమే వెళ్ళి అమ్మకపు దస్తావేజును రద్దు చేయించడం కుదరదు, నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963, సెక్షన్ 31 కింద సివిల్ కోర్టులోనే అడగాలి. ఆస్తి నల్లగొండలో ఉన్నందున దావా ఇక్కడే వేయాలి. బ్యాంకు దగ్గర తనఖా ఉన్నందున బ్యాంకును కూడా పక్షంగా చేర్చాలి. కాలపరిమితి చట్టం ఆర్టికల్ 59 ప్రకారం విషయం మీకు తెలిసిన నాటి నుంచి మూడేళ్ళ గడువు ఉంది, అయినా వివాదానికి తావు లేకుండా రిజిస్ట్రేషన్ తేదీ నుంచే మూడేళ్ళు లెక్కపెట్టుకోండి. లోపం తెలిసిన తరువాత కూడా అభ్యంతరం చెప్పకుండా నెలల తరబడి ఊరుకుంటే, మీరు ఒప్పుకున్నట్టే అని అవతలివారు వాదిస్తారు. కాబట్టి లీగల్ నోటీసు ఈ నెలలోనే స్పీడ్ పోస్టులో వెళ్ళాలి.

అయినా నా సలహా అడిగితే, రద్దు కంటే నష్టపరిహారాన్ని ప్రధానంగా కోరమంటాను. కారణం మీ దస్తావేజులోని 34 లక్షల అంకె. రద్దు చేసి డబ్బు వాపసు ఇప్పించమని అడిగిన రోజున, ఆయన 34 లక్షలే తీసుకున్నానంటారు. మిగతా 24 లక్షలు నగదుగా ఇచ్చామని నిరూపించే భారం మీ మీద పడుతుంది. రాతలో ఉన్నదానికి విరుద్ధంగా నోటి సాక్ష్యం చెప్పడానికి చట్టంలో గట్టి అడ్డంకులున్నాయి. అసలు ధర రాసుకున్న బయానా కాగితం మీ దగ్గర ఉంటే కొంత ఆధారం దొరుకుతుంది. అది తగిన స్టాంపు మీద లేకపోతే లోటు సుంకంతో పాటు దానికి పదింతల దాకా జరిమానా కట్టిన తరువాతే కోర్టు చూస్తుంది. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. ఆ జరిమానా తీసుకున్నవారిదే అయినా, ఆ నగదు ఎక్కడిదని మిమ్మల్నీ అడుగుతారు. ఏడున్నర శాతం రిజిస్ట్రేషన్ ఖర్చులో కొంత మిగులుతుందని చేసిన పని ఈ రోజు మీ చేతులు కట్టేసింది. మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదు, ఈ జిల్లాలో నేను చూసిన ఇళ్ళ అమ్మకపు దావాలలో కొన్నవారిని ఎక్కువగా దెబ్బతీసింది ఇదే.

నష్టపరిహారం దావాలో ఈ చిక్కు చాలా వరకు తగ్గుతుంది. బావిని తవ్వి గట్టి నేల దాకా కాంక్రీటు నింపడానికి, గోడను, పిల్లర్లను బలపరచడానికి ఎంత ఖర్చవుతుందో ఇంజనీరు అంచనా ఇస్తారు. ఆ మొత్తం, పని జరిగే నెలలలో మీరు బయట కట్టే కిరాయి, వడ్డీ కోరవచ్చు. ఇల్లు మీ పేరనే ఉంటుంది, బ్యాంకు రుణం కదలదు. ఇల్లు నివాసయోగ్యం కాదని ఇంజనీరు తేల్చి చెబితే మాత్రం రద్దునే అడగాలి, రెండవ కోరికగా నష్టపరిహారం పెట్టాలి.

పోలీసు కేసు విషయం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం నేరమే, నాలుగవ ఉపసెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. కానీ సివిల్ తగాదాకు క్రిమినల్ రంగు పులమవద్దని సుప్రీంకోర్టు పలుమార్లు హెచ్చరించింది, స్టేషనులో కూడా ‘ఇది సివిల్ మ్యాటర్’ అనే మాటే ముందుగా వినిపిస్తుంది. ఒప్పందం కుదిరేనాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. కమిషనర్ నివేదిక, మేస్త్రీ మాట చేతికి వచ్చిన తరువాత ఆలోచించవచ్చు. ఇప్పుడే ఫిర్యాదు ఇచ్చి అది మూతపడితే, ఆ కాగితాన్నే ఆయన సివిల్ కోర్టులో మీ మీద వాడుకుంటారు.

వినియోగదారుల కమిషన్ దారి మీకు లేదు. ఒక వ్యక్తి తన ఇంటిని ఇంకొకరికి అమ్మడం సేవ కాదు. బిల్డరు కట్టి అమ్మినా, వెంచరు చేసి అభివృద్ధి పరిచిన ప్లాట్లు అమ్మినా అది సేవ అవుతుందని సుప్రీంకోర్టు 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులోను, 2012లో మన హైదరాబాదుకే చెందిన నార్నే కన్‌స్ట్రక్షన్స్ కేసులోను చెప్పింది. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కూడా అంతే: ప్రమోటరు కట్టిన నిర్మాణంలో లోపం స్వాధీనం ఇచ్చిన ఐదేళ్ళలోపు బయటపడితే 30 రోజులలో ఉచితంగా సరిచేయాలని సెక్షన్ 14 చెబుతుంది, కానీ మీది పాత ఇంటి అమ్మకం.

మీ తమ్ముడు జడ్చర్ల దగ్గర ప్లాటుకు బయానా ఇచ్చి, దానికి చూపించిన బాట పక్క పట్టాదారుదని ఇప్పుడు తెలిసి ఆగిపోయారని చివరలో రాశారు. ఆయన స్థితి మీ కంటే చాలా మెరుగు. హర్యానా ఫైనాన్షియల్ కార్పొరేషన్ వేలం వేసిన భూమికి దారి విషయంలో సరిగ్గా ఇటువంటి తకరారే వచ్చింది. దారి లేని సంగతి చెప్పకుండా కొనుగోలుదారు కట్టిన సొమ్మును జప్తు చేసుకోవడం చెల్లదని, 2010లో ప్రచురితమైన తీర్పులో సుప్రీంకోర్టు సెక్షన్ 55 ఆధారంగానే చెప్పింది. మిగతా డబ్బు కట్టకుండా, బయానా వాపసు కోరుతూ నోటీసు ఇమ్మనండి. గడువు తేదీ దాటేదాకా ఆగితే మాట తప్పింది మీ తమ్ముడే అన్న నింద వస్తుంది.

దావా తేలడానికి ఏళ్ళు పడుతుంది, అది దాచి మీకు ఆశ పెట్టలేను. కమిషనర్ నివేదిక మీకు అనుకూలంగా వస్తే మాత్రం అవతలివారు రాజీకి దిగడం చాలాసార్లు చూశాను. అప్పుడు పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకోకండి, లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోండి. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. వకీలు దగ్గరికి వెళ్ళేటప్పుడు దస్తావేజు, లింకు దస్తావేజులు, బయానా కాగితం, ఈసీ, రుణం కోసం బ్యాంకు చేయించిన వాల్యుయేషన్ రిపోర్టు, ఇల్లు చూడడానికి వెళ్ళిన రోజున తీసుకున్న ఫోటోలు పట్టుకెళ్ళండి. ఆ ఫోటోలలో వెనుక గది గోడ నున్నగా, కొత్త రంగుతో కనిపిస్తుంటే, మీరు ఆ రోజు ఏమి చూశారో, ఏమి చూడలేకపోయారో చెప్పడానికి అంతకంటే మంచి కాగితం మీ దగ్గర ఇంకొకటి ఉండదు.